కొట్టాడా? కొట్టుకొన్నారా?

నేను తెలుగు మేష్టర్ని. మా కాలేజీలో యెవరికి సన్మానపత్రం కావలసివచ్చినా, యెవరింట్లో శుభలేఖ అచ్చువేయించవలసివచ్చినా, చివరికి పూర్వవిద్యార్థుల సంఘంవాళ్లు చందాలకోసం వుత్తరం రాయించుకోవలసివచ్చినా నా దగ్గరకే వస్తారు. "మీ చేత్తో నాలుగు ముక్కలు రాసిపెట్టండి మేష్టారూ" అంటారు. నేనూ రాసిపెడతాను. కాదనటం చాతకాదు. యీ నాలుగు ముక్కలు రాసే వ్యసనమే పోయిన డిసెంబరులో నన్ను పెద్ద చిక్కులోకి లాగింది.

బాపట్లలో కాలేజీల ఆటలపోటీలు జరిగాయి. మా కబడ్డీ జట్టు వెంట వెళ్లవలసిన డ్రిల్లుమేష్టారుకు ఆ వారంలోనే యింట్లో పెళ్లి వచ్చిపడింది. "పిల్లలు మీ మాటయితే వింటారు" అని నన్ను పంపించారు. పిల్లలు నా మాట వింటారో లేదోగాని, నేను పద్యం మొదలుపెడితే నిద్రపోతారన్నది మాత్రం అందరూ యెరిగిన సంగతే. సరే, తెనాలిలో రైలెక్కి బాపట్లలో దిగాం.

రెండోనాటి ఆటలో జరిగింది. అవతలి జట్టునుంచి చువ్వలాంటి కుర్రాడొకడు కూతకు వచ్చాడు. మావాళ్లను యిద్దర్ని తాకి, గిర్రున తిరిగి మధ్యగీతవైపు వురికాడు. మా జట్టులో కొసన నిలబడేవాడు కొల్లూరు వైపు రైతుబిడ్డ. ధాన్యంబస్తాకు చేతులూ కాళ్లూ మొలిచినట్లుంటాడు. వాడు అడ్డంగా యెదురువచ్చాడు. ధబ్బుమని చప్పుడు. యిద్దరూ పడ్డారు. మావాడు దవడ రుద్దుకొంటూ లేచాడు. ఆ చువ్వలాంటి కుర్రాడు లేవలేదు.

కొంచెంసేపటికి లేచి కూర్చుని "స్కోరెంత?" అన్నాడు. చెప్పారు. రెండు నిమిషాలు గడిచాక "స్కోరెంత?" అన్నాడు. మళ్లీ చెప్పారు. మూడోసారీ అదే ప్రశ్న అడిగేసరికి నా కడుపులో దేవినట్లయింది. ఆటోలో వేసుకొని ఆస్పత్రికి పరుగెత్తాం. డాక్టరుగారు ఆ రాత్రికి వుంచి, మర్నాడు "ప్రమాదమేమీ లేదు, కాని కొన్ని వారాలపాటు ఆటల జోలికి పోకూడదు" అని చెప్పి పంపించారు.

కుర్రవాడి తండ్రి వచ్చాడు. పాపం, పొలంనుంచి అట్లాగే వచ్చినట్లున్నాడు, పంచెకు బురద ఆరలేదు. "మీవాడు మావాణ్ణి కొట్టాడండీ" అన్నాడు. వెంటనే మా కొల్లూరువాడు "నాకూ అంతే తగిలింది సార్, చూడండి నా దవడ" అన్నాడు.

ఆ మాట వినగానే నా లోపల యెక్కడో కలుక్కుమన్నది. యెందుకో తరువాత చెబుతాను.

సోమవారంనాటికి రిపోర్టు కావాలన్నారు మా ప్రిన్సిపాలుగారు. జట్టువెంట వెళ్లినవాణ్ణి నేనే గదా. పైగా నాలుగు ముక్కలు రాయటం నా వృత్తాయె. ఆస్పత్రి వరండాలో కూర్చుని కాగితం తీశాను. "మా విద్యార్థి అవతలి విద్యార్థిని ఢీకొట్టాడు" అని రాశాను. అంటే మావాడు కర్త, వాడు కర్మ; నేరం మావాడిమీద పడింది. కొట్టేశాను. "అవతలి విద్యార్థి వేగంగా వచ్చి మా విద్యార్థికి తగిలాడు" అని రాశాను. యిప్పుడు దెబ్బతిన్నవాడే ముద్దాయి అయ్యాడు. ఛీ అనిపించి అదీ కొట్టేశాను. "యిద్దరు విద్యార్థులూ ఢీకొన్నారు" అన్నాను. వాక్యం బాగానే వుంది. కాని ఆ బురదపంచె తండ్రి ముఖం గుర్తుకువచ్చి కలం ఆగిపోయింది.

చూడండి, మన తెలుగులో వున్న సుఖం యిదే, చిక్కూ యిదే. "కొట్టు"కు పక్కన "కొను" చేర్చామంటే కొట్టినవాడెవడో, తిన్నవాడెవడో మాయమైపోతారు. "పిల్లలు కొట్టుకొన్నారు" అంటే తప్పు యిద్దరిదీ, యెవరిదీ కాదు కూడాను. "తల గోడకు కొట్టుకొన్నాడు" అంటే గోడకు పాపం యేమీ తెలియదు. యిరవై యేళ్లుగా క్లాసులో చెబుతున్న పాఠమేగాని, ఆ "కొను" వెనక యింతమంది దాక్కోవచ్చునని నాకు ఆ వరండాలోనే తెలిసింది.

తిరుగు ప్రయాణంలో నా అదృష్టంకొద్దీ మా ఫిజిక్సు లెక్చరరు రైల్లో కలిశాడు. బాపట్ల ఆయనకు అత్తవారి వూరు. గోతాంలో అరటిగెల, వొళ్లో స్వీట్ల డబ్బా పెట్టుకొని కూర్చున్నాడు. నా గోడు విని నవ్వాడు.

"మీ వ్యాకరణానికి వొక కర్తా, వొక కర్మా కావాలి మేష్టారూ. న్యూటను దగ్గర యిద్దరూ కర్తలే, యిద్దరూ కర్మలే" అన్నాడు.

1687లో అచ్చయిన ప్రిన్సిపియా అనే గ్రంథంలో న్యూటను మూడో నియమానికి చెప్పిన వుదాహరణలు మన పల్లెటూరివాడికి కూడా బోధపడేవేనట. వేలితో రాయిని నొక్కితే రాయి వేలిని నొక్కుతుంది. గుర్రం తాడుకట్టి బండరాయిని లాగుతుంటే బండరాయికూడా గుర్రాన్ని అంతే బలంతో వెనక్కు లాగుతుంది. అంతేకాదు, ఆయన బంతుల్ని దారాలకు వేలాడదీసి వొకదానితో వొకటి ఢీకొట్టించి చూశాడు. గట్టిగా చుట్టిన వున్నివుండలు తొమ్మిదిపాళ్ల వేగంతో కలుసుకొంటే అయిదుపాళ్ల వేగంతో విడిపోయాయి. గాజుబంతులు పదహారుకు పదిహేను. బెండు వున్నికన్నా కాస్త తక్కువ. యే బంతి అయినా సరే, వొకటి పోగొట్టుకొన్న ద్రవ్యవేగం రెండోదానికి చేరింది. మధ్యలో కాణీ కూడా గల్లంతు కాలేదు.

"అయితే మావాడన్నది నిజమేనన్నమాట. వాడికీ అంతే తగిలింది" అన్నాను, కొంచెం తేలికపడి.

"తగిలింది అంతే. జరిగింది అంత కాదు" అన్నాడాయన.

స్కోరు రాసిన కాగితం నా చేతిలోంచి లాక్కొని వెనకవైపు లెక్క వేశాడు. మావాడి బరువు 75 కిలోలు అనుకొందాం, అంటే సరిగ్గా వొక బస్తా. ఆ కుర్రాడిది 50. యిద్దరూ సెకండుకు 4 మీటర్ల వేగంతో యెదురెదురుగా వచ్చి, పెనవేసుకొని వొకే ముద్దగా కదిలారనుకొందాం. బరువైనవాడిదే పైచెయ్యి గనుక ఆ ముద్ద మావాడు వెళుతున్న దిక్కుకే సెకండుకు 0.8 మీటరు వేగంతో సాగుతుంది. అంటే మావాడి వేగం 4 నుంచి 0.8కి దిగింది, మార్పు 3.2. ఆ కుర్రాడో? ముందుకు 4తో వస్తున్నవాడు ఆగి, వెనక్కు 0.8తో పోవలసివచ్చింది. మార్పు 4.8. 75ని 3.2తో గుణించినా, 50ని 4.8తో గుణించినా 240 వస్తుంది. దెబ్బ సమానమే. కాని వేగంలో వచ్చిన కుదుపు వొకడికి వొకటయితే, రెండోవాడికి వొకటిన్నర.

"యిదంతా సెకండులో పదోవంతులో జరిగిందనుకోండి. బలం 2,400 న్యూటన్లు. మీకు అర్థమయ్యేట్లు చెప్పాలంటే మూడు బస్తాల పైచిలుకు ధాన్యం వొక్క క్షణం భుజంమీద కూర్చుని దిగిందన్నమాట. అదే సెకండులో యిరవయ్యోవంతులో జరిగితే ఆరున్నర బస్తాలు."

"కూర్చోబెట్టే వ్యవధి యెక్కువయితే?"

"బస్తాలు తగ్గుతాయి. అందుకే క్యాచి పట్టేవాడు బంతితోపాటు చేతుల్ని వెనక్కు లాక్కొంటాడు. అందుకే యిప్పుడు కబడ్డీ మెత్తని మాటులమీద ఆడిస్తారు. బాపట్ల యిసకనేలే నయం, పడ్డవాణ్ణి కాస్త మెల్లగా ఆపుతుంది."

మనుషులు మట్టిముద్దలు కారనీ, యీ లెక్క వుజ్జాయింపేననీ ఆయనే వొప్పుకొన్నాడు. కాళ్లు నేలలో పాతుకొని నిలబడినవాడికి భూమికూడా సాయం వస్తుంది. గాలిలోకి యెగిరినవాడికి వాడి బరువు తప్ప దిక్కులేదు. చెడుగుడులో నలుగురు చేతులు గొలుసుకట్టి పట్టటంలోని కిటుకు కూడా యిదే. నలుగురి బరువూ వొక్కటై వొక్కడిమీద పడుతుంది. చీలమండ పట్టినవాడు అంత బలం చూపించనక్కరలేదు. వొంటి బరువంతా నడుము దగ్గర ముందుకు పోతుంటే కాలు వెనక ఆగిపోతుంది, మనిషి తనంతట తానే బోర్లాపడతాడు. అనుభవంమీద మన పల్లెటూరి కుర్రాళ్లకు యిదంతా తెలుసు. బరువు తూచి ఆడించాలన్న జ్ఞానం కూడా అట్లా వచ్చిందే; సీనియరు పురుషుల కబడ్డీకి 85 కిలోలని హద్దు పెట్టారు.

నిడుబ్రోలు దాటాక ఆయన గొంతు తగ్గించాడు. "భుజం సంగతి సరే. తల సంగతి వేరు. పుర్రె ఆగినా లోపల మెదడు ఆగదు. మొదటి నియమం. బస్సు బ్రేకు వేస్తే మనం ముందుకు తూలినట్లు అదీ తూలి పుర్రె గోడకు కొట్టుకొంటుంది." 1962 మార్చిలో బార్బడోసులో మన క్రికెట్ జట్టు కెప్టెను నారీ కాంట్రాక్టరు తలకు గ్రిఫిత్ వేసిన బంతి తగిలిన సంగతి చెప్పాడు. పుర్రె చిట్లింది. వెస్టిండీస్ కెప్టెను ఫ్రాంక్ వొరెల్ తన నెత్తురిచ్చాడు. కాంట్రాక్టరు బతికాడుగాని, మరి టెస్టు ఆడలేదు. బంతి బరువు చూస్తే నూట అరవై గ్రాములు, చిన్న జామకాయంత. తలకు దెబ్బ తగిలి దిమ్మెరపోయినవాడి బదులు మరొకణ్ణి ఆడించవచ్చునని అంతర్జాతీయ క్రికెట్టులో నియమం రావటానికి 2019 దాకా పట్టింది. "మీ కుర్రాడు స్కోరు మూడుసార్లు అడిగాడన్నారు చూడండి, అప్పుడే మళ్లీ ఆటలోకి పంపించకపోవటమే మీరు చేసిన మంచిపని" అన్నాడు. నేను చేసినదేమీ లేదు. భయపడ్డాను, అంతే.

తెనాలిలో దిగి యింటికి వెళ్లాను. నిద్రపట్టలేదు. యిందాక తరువాత చెబుతానన్న సంగతి యిప్పుడు చెబుతాను.

మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. ముప్ఫయ్యేళ్లనాటి మాట, నేను పదో తరగతి. శివరాత్రికి బడి సెలవు. కళ్లంలో చెడుగుడు ఆడుతున్నాం. నూర్పిళ్లకోసం పేడ అలికి, చదునుచేసి, గట్టిచేసిన కళ్లం. దానికన్నా రాతిబండ మెత్తగా వుంటుంది. నేను పొట్టిగా, లావుగా వుండేవాణ్ణి. నా జతగాడు, వరసకు బావ అవుతాడు, వెదురుబొంగులా వుండేవాడు. కూతకు వచ్చి తిరిగిపోతుంటే నేను తల వంచుకొని దూకాను. నా నెత్తి వాడి మెడకింద తగిలింది. కాలరుబోను అంటారే, ఆ యెముక టప్పుమన్నది. ఆ చప్పుడు యీనాటికీ నా చెవిలో వుంది.

కుడివైపు యెముక. వాళ్లమ్మ, మా అత్త, రేపల్లె పాసింజరులో తెనాలి తీసుకువెళ్లి కట్టు కట్టించింది. పరీక్షలకు కొద్దివారాలే వున్నాయి. కుడిచెయ్యి మెడకు వేలాడుతుంటే యేం రాస్తాడు? ఆ యేడు పోయింది. మరుసటి యేడు పొలంపనుల్లో పడ్డాడు, బడికి రాలేదు. నేను యింటరు, డిగ్రీ, యెం.ఏ. చదివాను.

ఆ సాయంత్రం అత్త మా గుమ్మంలో నిలబడి "యేరా, చూసుకోవద్దట్రా" అన్నది. అంతకుమించి వొక్కమాట అనలేదు. నేను నుదుటిమీద బొప్పి చూపించి "నాకూ అంతే తగిలిందత్తా" అన్నాను.

న్యూటను పేరు అప్పటికే పాఠంలో చదివివున్నాను సుమండీ. అయినా ఆ మాట భౌతికశాస్త్రం కాదని నాకు అప్పుడే తెలుసు.

ఆదివారంనాడు రేపల్లె బండి యెక్కాను. వేమూరు, భట్టిప్రోలు, పల్లికోన—యీ స్టేషన్ల పేర్లు నాకు యెక్కాల్లా వచ్చు. బావ రేపల్లెలో యెరువులకొట్టు పెట్టి పదిహేనేళ్లయింది. నాకన్నా నాలుగు రూపాయలు యెక్కువే సంపాదిస్తున్నాడు. వుగాదికీ, సంక్రాంతికీ కలుస్తూనే వుంటాం. ఆ శివరాత్రి సంగతి మాత్రం యిద్దరం యెత్తం. కొట్లో కూర్చోబెట్టి టీ తెప్పించాడు. నేను కాగితం తీసి మా ఫిజిక్సాయన లెక్క మొత్తం వినిపించాను. బస్తాల లెక్క గనుక శ్రద్ధగానే విన్నాడు.

"అయితే నా మీద పడింది మూడు బస్తాలంటావు."

"నా మీదా మూడేరా. కాని నువ్వు తేలిక గనుక నీకు కుదుపు యెక్కువ. అదీగాక నాది నెత్తి, పుర్రెయెముక మందం. నీది వేలెడు లావు యెముక, దాని నడిమధ్య తగిలింది. బలం వొకటే అయినా—"

"కళ్లు మూసుకొన్నావు" అన్నాడు.

"యేమిటి?"

"తల వంచి, కళ్లు మూసుకొని దూకావు. నేను చూశాను. పక్కకు తప్పుకొందామంటే గీత జానెడు దూరంలో వుంది. పోతే పాయింటు పోతుందని నేనూ తప్పుకోలేదు. ఆ రెండూ యే నియమంలోకి వస్తాయో మీ ఆయన్ని అడుగు."

నేను టీ గ్లాసువైపు చూస్తూ కూర్చున్నాను. యింతలో యెవరో రైతు యూరియా కావాలని వచ్చాడు. కుర్రాడు లేడు. బావ తనే లేచి, బస్తా యెత్తి, యెడమభుజంమీద వేసుకొని బయట మోటారుసైకిలుదాకా మోసుకుపోయాడు. కుడిచేతివాటం మనిషి. యిన్నేళ్లుగా చూస్తున్నాను, యెడమభుజం సంగతి నా కంట పడలేదు.

తిరిగివచ్చి చేతులు దులుపుకొన్నాడు. "చదువు పోయిందని నాకేం కోపం లేదురా. నిజం చెప్పొద్దూ, చదువంటే నాకు అంత యిదీ లేదు. కాని మా అమ్మతో అన్నావు చూడు, 'నాకూ అంతే తగిలింది' అని. ఆ రాత్రి ఆమె నాకు అన్నం తినిపిస్తూ, 'పోనీలేరా, వాడికీ తగిలిందట పాపం' అన్నది. అప్పుడొచ్చింది నాకు కోపం."

అత్త పోయి తొమ్మిదేళ్లు. నేనేమి అనాలో తోచక "వస్తానురా" అన్నాను. "కూర్చో, భోంచేసి పో. మీ చెల్లెలు చేపలపులుసు పెట్టింది" అన్నాడు. కూర్చున్నాను. తిన్నాను. మరో ముక్క వేయించుకొన్నాను కూడాను.

సోమవారం రిపోర్టు యిచ్చాను. అందులో యిట్లా రాశాను: "కూత ముగించుకొని తిరిగిపోతున్న విద్యార్థిని మా విద్యార్థి పట్టబోగా యిద్దరూ ఢీకొన్నారు. కావాలని చేసినదిగా నాకు కనిపించలేదు. మా విద్యార్థి బరువు 75 కిలోలు. ఆ విద్యార్థి 50. మా విద్యార్థి దవడ వాచింది. ఆ విద్యార్థి తలకు దెబ్బ తగిలి కొంతసేపు జ్ఞాపకం తప్పింది. ఆస్పత్రి ఖర్చు మన కాలేజీ భరించటం న్యాయమని నా అభిప్రాయం."

ప్రిన్సిపాలుగారు కళ్లజోడు సవరించుకొని, "తెలుగు మేష్టారి రిపోర్టులో యీ కిలోలేమిటండీ?" అన్నారు. ఖర్చు సంగతి వెంటనే తేల్చలేదు. నాలుగురోజులు తిప్పి, సగం యిస్తామన్నారు. మిగతా సగం మేం లెక్చరర్లం తలా కొంచెం వేసుకొన్నాం. ఫిజిక్సాయన అందరికన్నా యాభై రూపాయలు యెక్కువ వేశాడు. అత్తవారి వూరి మర్యాద అన్నాడు.

ఆ తరువాతి ఆదివారం మా కొల్లూరువాణ్ణి వెంటబెట్టుకొని మళ్లీ బాపట్ల రైలెక్కాను, ఆ కుర్రాణ్ణి చూడటానికి. వాడు డజను బత్తాయిలు కొన్నాడు. అప్పికట్ల దాటేదాకా నోరు విప్పలేదు. కిటికీలోంచి కోసేసిన చేలు చూస్తూ కూర్చున్నాడు. తరువాత మెల్లగా నావైపు తిరిగాడు.

"సార్, వాళ్ల నాన్నగారు అడిగితే, నాకూ దవడ వాచిందని చెప్పనా?"

"వద్దు" అన్నాను.

"మరేం చెప్పను సార్?"

"బత్తాయిలు యివ్వు. తలనొప్పి తగ్గిందా అని అడుగు."

వాడు బత్తాయిల సంచి వొళ్లోకి తీసుకొన్నాడు. బండి బాపట్ల ప్లాటుఫారం మీదికి వచ్చి ఆగింది. ఆగిన కుదుపుకు యిద్దరం ముందుకు తూలాం.